ఉద్దెర బుక్కు

చండూరు రోడ్డు కాడ రేకుల డబ్బా నాది.
ముంగట సబ్బులు, బీడీలు, పిల్లలకు బొంగులు.
ఎనక, బియ్యం సంచుల చాటున, కోటర్లు.
సర్పంచుకు తెల్సు, పోలీసాయనకు తెల్సు,
దేవునికి గూడ తెల్సు,
ఆయన పటం గా అట్టపెట్టె మీదనె ఉన్నది.

మొగడు పోయి ఏడేండ్లు.
ఇద్దరు పోరగాండ్ల ఫీజులు
ఈ మూతలు తిప్పిన సప్పుడుకెల్లే ఎల్లినయ్.
నేనేం సుద్దపూసను కాను, ముందే చెప్తున్న.

ఎవడెంత తాగితె ఏ ఇంట్ల ఏమైతదో
నాకు తెల్సినంత ఎవ్వలికి తెల్వదు.
జంగయ్య రెండు తాగితె
సచ్చిపోయిన ఎద్దును తల్సుకొని ఏడుస్తడు.
మేస్త్రి ముత్తిలింగం మూడు తాగి
చెప్పులు ఇడిశి, అరుగు మీద పంటడు,
పెండ్లాం దుప్పటి కప్పి పోతది.
సైదులు ఒక్కటి తాగితె
పారిజాత బిడ్డను పక్కింట్ల పండవెడ్తది.

ఒకనాడు పసుపు కొనొచ్చి
డబ్బా కమ్మిని పట్టుకొని నిలవడ్డది.
'కొట్టుడు గాదక్కా.
కొడితె ఊరికి కనవడతది.
వద్దు అంటె ఆయనకు ఇనవడదు, గంతే.'
ఇంకేం చెప్పలే. నేనడుగలే.
నా మొగడు బతికుండంగ
నాకేం ఇనవడ్డదని అడుగుదు?

ఊరోల్లంటరు: తాగినోనికి ఏం తెల్సు పాపం.
తెల్వకేం?
వందిచ్చి, ఐదు రూపాలు తక్కువొస్తె
లైటు కింద చెయ్యి వెట్టి లెక్కజూస్తడు.
బండికి స్టాండు ఏస్తడు. తాళం జేబుల ఏస్తడు.
పటేలు వాకిలి పొంటి పోతె గొంతు తగ్గిస్తడు.
ఇంటి గడప దాటినంకనె
సోయి తప్పుతది సైదులుకు.

మేం తాగమా?
పీర్లకు, బోనాలకు,
నాట్లేసి నడుములు ఇరిగిన నాడు
కల్లు లొట్టి సుట్టు కూసుంటం.
తాగి నవ్వినం, తాగి తిట్టుకున్నం,
ఒగలి ఒళ్ల ఒగలం తలపెట్టి ఏడ్సినం.
ఎవ్వలి తలుపు వలగ్గొట్టినం?

మా దిక్కు కాళ్లు వంకర వోతె నీళ్ల మీద పెడ్తరు.
నిజమే, నా మోకాళ్లే సాచ్చెం.
మొగోడు వంకర వోతె మందు మీద పెడ్తరు.
గా నీళ్లు అందరం తాగినం గద.

పారిజాత ఇయ్యద్దనలే నన్ను.
'నువ్వియ్యకుంటె ఇంకోడిస్తడు.
ఇచ్చినంక ఒక్క రింగు ఇడువు చాలు.
బిడ్డను తీస్కొని మా చిన్నమ్మ ఇంటికి పోత.'
గట్ల మొదలైంది.
ఒక రింగంటె కోటరు,
రెండంటె ఆఫు.
నెల తిరిగేసరికి నా ఫోన్ల
ఆరుగురు ఆడోళ్ల నంబర్లు.
అమ్మేది నేనే, గంట గొట్టేది నేనే.
ఏ చెయ్యి పాపంల పడ్తదో, ఏది పున్నెంల పడ్తదో,
నా చేతులకే తెల్వది.

మొన్న ఐతారం
సైదులు డబ్బా దిక్కు రానే రాలే.
రోడ్డు మీదికెల్లే సక్కగ ఇంటికి పోయిండు,
చేతుల పిల్లకు బిస్కెట్ పూడ.
హమ్మయ్య అనుకొని షట్టర్ దించిన.
తెల్లారి పారిజాత వచ్చింది,
పెదివికి కొంగు అడ్డం వెట్టుకొని.
'రింగు రాలేదక్కా' అన్నది.
కోపం లేదు గా మాటల.
'రింగు రాలే గద అని
తలుపు తీసే ఉంచిన.'

పంచాయతి గూసున్నది.
పెద్దమనుషులు చాయ్ తాగి, గొంతు సవరించి,
'మైకంల జరిగింది, మందు మీద తప్పు వడ్డది' అన్నరు.
సైదులు తల ఒంచిండు, మందు మీద ఒట్టేసిండు.
అందరి కండ్లు నా దిక్కు మల్లినయ్.
'ఎన్ని పోసినవే ఆ రాత్రి?'

ఉద్దెర బుక్కు తెచ్చిన.
సైదులు పేరున్న పేజీ తీసిన.
శుక్కురారం: రెండు.
శనారం: ఒకటి, పల్లీల పాకిట్.
ఐతారం కాడ ఏం లేదు.

అద్దాలు వెట్టుకొని
ఆ ఏం లేనిదాన్నె గట్టిగ సదివిన.
ఇనవడలేదన్నరు.
మల్ల సదివిన.